పప్పులో కాలు ఎవరిది?

ఈ మధ్య ఒక కుర్రాడు కాలిఫోర్నియా నుంచి ఫోన్ చేశాడు. పగలు కంప్యూటర్ ఉద్యోగం, రాత్రిళ్ళు సరదాకి ఇంగ్లీషు వీడియోల కింద తెలుగు మాటలు రాసే పని. "మాస్టారూ, బ్లూపర్‌ని తెలుగులో ఏమంటారండీ?" అని అడిగాడు. నేను ఏనాడూ ఎక్కడా పాఠాలు చెప్పలేదు. తెలుగు మాటల మీద నాలుగు వ్యాసాలు రాసిన పాపానికి ఆ పిలుపు నాకు అంటుకుపోయింది.

"తప్పు అని రాసెయ్యవోయ్" అన్నాను.

"తప్పంటే కోర్టు కేసులా ఉంటుందండీ."

"పోనీ, పొరపాటు?"

"అది మన్నించమని అడిగేటప్పుడు వాడతాం కదండీ. ఇది వినగానే నవ్వు రావాలి."

కుర్రాడు చెప్పింది నిజమే. బ్లూపర్ అంటే ఉత్త తప్పు కాదు. నలుగురి ముందూ జరగాలి, చేసినవాడు సిగ్గుపడాలి, చూసినవాళ్ళు నవ్వాలి, ఎవరికీ పెద్ద నష్టం జరగకూడదు. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే పక్కన చూపిస్తారు చూడండి, నాయకుడు డైలాగు మర్చిపోవడం, నాయిక మెట్టు తప్పడం, వెనకాల తలుపు ఊడి రావడం, అవన్నీ అవే. రెండ్రోజుల్లో చెబుతానని ఫోన్ పెట్టేశాను. రెండు నెలలైంది. వాడు ఈపాటికి ఏదో ఒకటి రాసేసుకునే ఉంటాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకుని ఎక్కడెక్కడికో పోయాను.

ముందు దాని పుట్టుక చూద్దాం. 1920లలో అమెరికాలో రేడియో కొత్త. చవకరకం రేడియో పెట్టెలు కొన్నిటిని సరిగా తిప్పడం రాకపోతే అవే తరంగాలు వెదజల్లేవి. దాంతో చుట్టుపక్కల ఇళ్ళలో రేడియోలు కుయ్యోమని ఊళపెట్టేవి. ఆ పెట్టెనీ, ఆ పెట్టె పెట్టుకున్న పెద్దమనిషినీ కూడా బ్లూపర్ అని తిట్టుకునేవారు. ఆ "బ్లూప్" అన్నది ఒక చప్పుడు, మన "బుడుంగు" లాంటిది. తర్వాత ఈ మాట బేస్‌బాల్‌లోకి వచ్చింది. బ్యాటు సరిగా తగలక బంతి నీరసంగా పైకి లేచి, దగ్గర ఫీల్డర్లకీ దూరం ఫీల్డర్లకీ అందకుండా మధ్యలో పడిందనుకోండి, అది బ్లూపర్. మన క్రికెట్లో బ్యాటు అంచు తగిలి లేచిన బంతి ఇద్దరి మధ్యా పడితే, పట్టాల్సినవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారే, అలాగన్నమాట. చిత్రమేమిటంటే దీనివల్ల కొట్టినవాడికి మేలే జరుగుతుంది. బేస్ దక్కుతుంది. సిగ్గు మాత్రం సిగ్గే.

చప్పుడు నుంచి బంతికీ, బంతి నుంచి నోటికీ వచ్చిన ఈ మాటకి వ్యాపారం నేర్పినవాడు కెర్మిట్ షేఫర్. రేడియో, టెలివిజన్‌లలో పనిచేసినవాడు. ప్రసారాల్లో అనౌన్సర్లు నోరు జారిన సందర్భాలన్నీ ఏరి 1950లలో గ్రామఫోను రికార్డులుగా వేశాడు, పుస్తకాలుగా అచ్చేశాడు. "పార్డన్ మై బ్లూపర్" అని పేరు. బాగా అమ్ముడుపోయాయి. నోరు జారిన మనిషి దగ్గర్నుంచి తప్పుని విడదీసి, సీసాలో పోసి బిరడా బిగించి అమ్మవచ్చని కనిపెట్టింది ఆయనే అనాలి. తర్వాత టీవీ వాళ్ళందరూ ఆ దారినే పట్టారు.

ఇక్కడ ఒక తిరకాసుంది. షేఫర్ రికార్డుల్లో చాలా వాటికి అసలు ధ్వని లేదు. చేతిలో అసలు రికార్డు లేకపోతే నటుల్ని పెట్టి ఆ సన్నివేశం మళ్ళీ చేయించేవాడు. వినేవాళ్ళు మాత్రం అదే అసలనుకునేవారు. వీటన్నిటిలోకీ పేరుపడ్డది హారీ వాన్ జెల్ కథ. 1931లో, పాతికేళ్ళ వయసులో, అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ పుట్టినరోజుకి రేడియోలో ప్రశంస చదివాడు. చదివినంతసేపూ హూవర్ పేరు బుద్ధిగా పలికాడు. తీరా చివరికొచ్చేసరికి నాలుక తిరగబడి "హూబర్ట్ హీవర్" అన్నాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడట. ఊడలేదు. తర్వాత బర్న్స్, ఆలెన్ దంపతుల కార్యక్రమంలో ఏళ్ళ తరబడి అమెరికాని నవ్వించాడు. షేఫర్ రికార్డులో మాత్రం ఇది వేరేలా ఉంటుంది. అధ్యక్షుడు మాట్లాడబోతుంటే ఆయన్ని శ్రోతలకి పరిచయం చేస్తూ వాన్ జెల్ నోరు జారినట్టు కట్టారు. అలా అయితే నవ్వు ఎక్కువొస్తుంది మరి. లోకానికి ఈ రెండోదే గుర్తుండిపోయింది.

అన్నట్టు, హూబర్ట్ హీవర్‌ని తెలుగువాళ్ళు ఒక్కసారి నోటితో అని చూడండి. హల్లులు వాటి చోట అవి కదలకుండా కూర్చున్నాయి, అచ్చులే అటూ ఇటూ అయ్యాయి. అంటే అక్షరాలా అచ్చుతప్పు. మనవాళ్ళు ఆ అచ్చుతప్పుని వెటకారానికి "అప్పుతచ్చు" అంటారు. అందులో అచ్చులు కదలవు, చ్చ-ప్పలే చోటు మారతాయి. రెండూ రెండు రకాల జారుడు, రెండింట్లోనూ ఒక క్రమం ఉంది. నోరు జారడానికి కూడా వ్యాకరణం ఉంటుందని లాస్ ఏంజిలస్‌లో విక్టోరియా ఫ్రామ్‌కిన్ అనే ఆవిడ 1971లో గట్టిగా వాదించింది. మనిషి ఎలా పడితే అలా తప్పు మాట్లాడలేడు, తప్పు మాట్లాడటానికి కూడా భాష వచ్చి ఉండాలి అని ఆవిడ లెక్క. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

ఇక తెలుగుకి వద్దాం. మన దగ్గర ఇలాంటి మాటలకి కరువు లేదు. అచ్చులో తప్పు పడితే ముద్రారాక్షసం. విశాఖదత్తుడి నాటకంలో రాక్షసుడంటే నందుల మంత్రి, ముద్ర అంటే ఆయన వేలి ఉంగరం. మన పత్రికలవాళ్ళు ఆ పేరుని అచ్చాఫీసుకి లాక్కొచ్చి, ముద్రణలో దూరిన రాక్షసుడని అర్థం చెప్పారు. పాపం ఆ మంత్రికి ఏ పాపమూ తెలియదు. కానీ ఎంత దయగల మాటో చూడండి. తప్పు కంపోజిటరుదీ కాదు, ప్రూఫులు దిద్దినవాడిదీ కాదు, రచయితదీ కాదు. ఎవరో రాక్షసుడు చేసిపోయాడు. సభ చెడిపోతే రసాభాస అంటాం. అలంకారశాస్త్రంలో పండితులు దాచుకున్న మాట, ఇవాళ కుర్చీలు విసురుకున్న సంఘ సమావేశానికి వాడుతున్నాం. అమెరికాలో మన సంఘాల ఎన్నికలు చూసినవాళ్ళకి ఉదాహరణలు అక్కర్లేదు.

వీటన్నిటిలోకీ రాజు పప్పులో కాలేయడం. ఇంగ్లీషువాడు తన కాలు తన నోట్లోనే పెట్టుకుంటాడు. మనవాడు పప్పులో పెడతాడు. ఎవరి పప్పులో? ఈ నానుడి ఎక్కడ పుట్టిందో నిఘంటువుల వెంట తిరగడం కన్నా ఒక పెళ్ళి భోజనం గుర్తుచేసుకుంటే మేలనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే సుమా. నేల మీద బారులు తీరి ఆకులు వేసి ఉంటాయి. వడ్డించేవాళ్ళు రెండు వరసల మధ్య వంగి వంగి నడుస్తుంటారు. ఎవరో కంగారుగా వచ్చి, చూసుకోకుండా అడుగేస్తే ఆ అడుగు పడేది ఇంకొకరి ఆకులో. తినేవాడి పప్పు పాడయింది, వేసినవాడి కాలు పాడయింది, పంక్తి పంక్తంతా తలెత్తి చూసింది. బ్లూపర్‌లో తప్పు ఒక వస్తువు, చేత్తో పట్టుకుని చూడవచ్చు. పప్పులో కాలు అలా కాదు. ఆ కాలు ఎవరిదో అందరికీ తెలుసు. మా అమ్మాయికి చిన్నప్పుడు ఈ మాట చెబితే, "పప్పు టేబుల్ మీద కదా ఉంటుంది, కాలెలా వెళ్తుంది?" అని అడిగింది. న్యూజెర్సీలో పుట్టిన పిల్ల అడగాల్సిన ప్రశ్నే అది.

ఈ కాలు సామాన్యులదే అయి ఉండనక్కర్లేదు. మనం మనవాళ్ళని గర్వంగా చెప్పుకునే శాతవాహనుల మీద కథాసరిత్సాగరంలో ఒక కథ ఉంది. ప్రతిష్ఠానంలో రాజు రాణులతో జలక్రీడలాడుతున్నాడు. నీళ్ళు మొహాన చల్లీ చల్లీ ఊపిరాడనివ్వకపోతే ఒక రాణి "మోదకైః" అంది. మా ఉదకైః, నీళ్ళతో కొట్టకు అని. సంధి చేస్తే మోదకైః. రాజుగారికి సంస్కృతం అంతంతమాత్రం. మోదకాలంటే లడ్లు కదా, అడిగింది కదా అని పళ్ళేలతో తెప్పించాడు. రాణి పకపకా నవ్వింది. నీళ్ళలో ఉండి లడ్లేమిటి, ఆమాత్రం సంధి కూడా తెలియదా అంది, పరివారం ముందు. రాజు మంచం పట్టాడు. తిండి మానేశాడు. గుణాఢ్యుడు ఆరేళ్ళలో వ్యాకరణం నేర్పుతానన్నాడు. శర్వవర్మ ఆరు నెలల్లో నేర్పుతానన్నాడు. అదే జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాశాడు. ఓడిపోయాడు. శర్వవర్మ కోసం కాతంత్ర వ్యాకరణం పుట్టింది. గుణాఢ్యుడు అడవిలోకి పోయి పైశాచీ భాషలో బృహత్కథ రాశాడు.

చిన్నప్పుడు విన్నప్పుడు నేను కూడా లడ్ల దగ్గరే నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే రాజు చేసిన దాంట్లో తప్పేముంది? చెవిన పడ్డ శబ్దానికి తనకి తెలిసిన మాటల్లో దగ్గరిది వెతుక్కున్నాడు. కొత్త భాషలో ఉన్నవాళ్ళందరం చేసేది అదే. ఇంకో సంగతి. కథాసరిత్సాగరంలో ఈ ముచ్చట చెప్పేది ఎవరనుకున్నారు? పందెంలో ఓడిన గుణాఢ్యుడు. రాణి నవ్వు ఉంది, గుణాఢ్యుడి మాట ఉంది. ఆ నీళ్ళలో చేతిలో లడ్డుతో నిలబడ్డ మనిషికి ఎలా ఉందో ఆయన నోటి నుంచి మనం ఎప్పుడూ వినలేదు.

నాకు ఈ మాట మీద ఇంత పట్టు రావడానికి కారణం అక్కడే ఉంది. అమెరికా తెలుగు కథల్లో, హాస్య వ్యాసాల్లో (నేను రాసినవి కలుపుకునే చెబుతున్నాను) ఒక పెద్ద వాటా ఈ సరుకుదే. కొత్తగా దిగిన సుబ్బారావు ఆఫీసులో పక్క సీటు అమ్మాయిని రబ్బరుందా అని అడుగుతాడు. ఇక్కడ రబ్బరంటే ఏమిటో తెలిసిన పాఠకుడు కిసుక్కుమంటాడు. ఊరి నుంచి వచ్చిన అత్తగారు మైక్రోవేవ్‌లో స్టీలు గిన్నె పెడుతుంది. మావగారు పొద్దున్నే పక్కింటివాళ్ళ పూలు కోసుకొస్తారు. కథ ఎప్పుడూ మూడో మనిషి మీదే. చెప్పేవాడు అన్నీ తెలిసినవాడు, వచ్చి పదిహేనేళ్ళయినవాడు. 1965 చట్టం తర్వాత వచ్చిన డాక్టర్లూ ఇంజనీర్లూ వైటుకే రోజుల్లో వచ్చిన కుర్రాళ్ళని చూసి నవ్వారు. ఆ కుర్రాళ్ళు ఇప్పుడు నెరిసిన జుట్టుతో నిన్న వచ్చిన విద్యార్థుల్ని చూసి నవ్వుతున్నారు. తను విమానం దిగిన రోజు తన కాలు ఏ పప్పులో పడిందో రాసినవాళ్ళు బహు తక్కువ. రాసినా, నా స్నేహితుడొకడు అంటూ మొదలుపెడతారు. ఆ స్నేహితులందరూ ఎవరో ఎడిటర్లకి బాగా తెలుసు.

అసలు మనకి దారి చూపించినవాళ్ళు ఇలా రాయలేదు. కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం తల్లిదండ్రుల ముందు ఇంగ్లీషులో సంభాషణ అంటూ బడి పుస్తకాల ముక్కలు అప్పజెబుతారు. ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. గురజాడ అక్కడ వెంకటేశం ఇంగ్లీషుని ఎగతాళి చేయడం లేదు, దాన్ని చూసి మురిసిపోయే లోకాన్ని చూపిస్తున్నాడు. వినే చెవి లేనిచోట తప్పే లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టర్ పార్వతీశం సంగతి ఇంకా గొప్పది. మొదటి భాగం 1924లో వచ్చింది. వందేళ్ళు దాటిపోయింది, ఇవాళ్టికీ అమెరికా వచ్చే తెలుగువాడి పెట్టెలో ఉండదగిన పుస్తకం. మొగలితుర్రు నుంచి ఇంగ్లండు బయల్దేరిన మనిషి రైల్లో, చెన్నపట్నంలో, ఓడలో అడుగడుక్కీ పప్పులో కాలేస్తూనే ఉంటాడు. ముచ్చటపడి కొనుక్కున్న టోపీ ఆడవాళ్ళదని తెలిసే చోటు అందరికీ గుర్తే. తెలుగువాళ్ళం నాలుగు తరాలుగా నవ్వుతున్నాం. అయినా పార్వతీశం మనకి చులకన కాలేదు, దగ్గరవాడయ్యాడు. ఎందుకంటే ఆ కథంతా "నేను" అంటూ చెప్పేది పార్వతీశమే. మొక్కపాటివారు స్వయంగా ఎడింబరోలో చదువుకొచ్చినవారు. కావాలనుకుంటే ఒడ్డున నిలబడి, అన్నీ తెలిసిన పెద్దమనిషిగా ఒక పల్లెటూరి అబ్బాయి మీద నవల రాయగలరు. అలా రాసి ఉంటే అది ఓ పదేళ్ళు బతికేదేమో. ఆయన దిగి వెళ్ళి ఆ టోపీ తన నెత్తినే పెట్టుకున్నారు.

బేస్‌బాల్‌లో ఫ్రెడ్ మెర్కిల్ అని ఒక కుర్రాడుండేవాడు. 1908 సెప్టెంబరు 23న న్యూయార్క్ జట్టు గెలిచిందనుకుని, రెండో బేస్ ముట్టుకోకుండానే మైదానం వదిలి వెళ్ళాడు. ఆ లెక్కలో గెలుపు పోయింది, చివరికి ఆ ఏటి పోటీయే పోయింది. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు. తర్వాత ఎంత బాగా ఆడినా, 1956లో చనిపోయేదాకా జనం ఆ ఒక్క అడుగుతోనే పిలిచారు. ఇప్పటికీ అమెరికన్ పుస్తకాల్లో ఆ తప్పు పేరులో వాడి పేరుంది. బ్లూపర్‌కీ దీనికీ మధ్య ఎక్కడో గీత ఉంది. ఒక మనిషి తప్పుని మనం ఎన్నిసార్లు చెబితే ఆ గీత దాటుతాం?

నేను దాటాను. అదే ఇక్కడ చెప్పాలి.

1998 వేసవిలో మా నాన్నగారు మా దగ్గరకొచ్చారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అప్పట్లో గలగలా తెలుగు మాట్లాడేది, సగం తప్పులతో. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. నలభైమంది వచ్చారు. పీటల మీద మేమిద్దరం, ఎదురుగా పురోహితుడు. ఎవరో ఒకావిడ "తాతగారు ఏరమ్మా?" అని అడిగితే మా అమ్మాయి హాలు మధ్యలో నిలబడి గట్టిగా "తాతగారు పోయారు" అంది. పురోహితుడు మంత్రం ఆపేశాడు. ఆడవాళ్ళు గుండెల మీద చేతులేసుకున్నారు. ఒక్క క్షణం ఇల్లంతా నిశ్శబ్దం. తర్వాత నవ్వులు, ఆగని నవ్వులు.

ఈ కథని నేను పదకొండేళ్ళు చెప్పాను. వారాంతపు భోజనాల్లో, సంక్రాంతి సభల్లో, ఒకసారి మైకులో. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అభ్యాసమైపోయింది. పిల్ల పక్కనే ఉండేది. మొదట్లో మా ఆవిడ వెనక దాక్కునేది. తర్వాత గదిలోంచి బయటికొచ్చేది కాదు. పన్నెండో ఏడు వచ్చేసరికి తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. బడి ప్రభావం అనుకున్నాం. అందరి ఇళ్ళలోనూ అంతే కదా అనుకున్నాం.

ఓసారి ఈ కథ చెబుతుంటే కొత్తగా పరిచయమైన వరంగల్ మిత్రుడొకాయన నవ్వలేదు. "గందులో తప్పేమున్నదన్నా? మా దిక్కు బజారుకు పోయిండు, పనికి పోయిండు అనే అంటం గదా" అన్నాడు. హాల్లో ఒక నిమిషం ఎవరికీ ఏమనాలో తోచలేదు. నేను ఏదో అని దాటేశాను. ఆ రాత్రి కారు నడుపుతూ ఆలోచిస్తే, ఆ పిల్లకి ఆ మాట ఎక్కడ దొరికిందో తెలిసింది. "పో, పోయి చదువుకో", "పో, పోయి పడుకో" అని రోజుకి ఇరవైసార్లు అంటున్నది మేమే. పో అంటే వెళ్ళమని అర్థమైతే, పోయారు అంటే వెళ్ళారని కాక మరేమిటి? గారు చేర్చింది, బహువచనం సరిగా పెట్టింది. కోస్తావాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు పోకూడదనీ, వెళ్ళాలనీ, ఆ వెళ్ళడం కూడా వెళ్ళొస్తామనే చెప్పాలనీ ఏ వ్యాకరణంలో ఉంది? ఫ్రామ్‌కిన్ గారు చెప్పింది అదే. వ్యాకరణం వచ్చు కాబట్టే ఆ తప్పు వచ్చింది. అంత తెలిసి కూడా తర్వాత మళ్ళీ రెండు మూడు చోట్ల ఆ కథ చెప్పాను. నవ్వు వస్తుందని తెలిసిన కథని వదులుకోవడం కష్టం. షేఫర్ రికార్డులు అన్నేసి ఎందుకు అచ్చయ్యాయో నాకు బాగానే అర్థమవుతుంది.

2009 జనవరిలో తెల్లవారుజామున మా అన్నయ్య ఫోన్ చేశాడు. "నాన్నగారు పోయార్రా" అన్నాడు. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో, వేరే ఊళ్ళో ఉంది. తనకి ఫోన్ చేశాను. చెప్పాల్సిన మాట ఒకటే. అది నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ మాటతో మా ఇంట్లో పదకొండేళ్ళు నవ్వుకున్నాం. ఇంకేదీ దొరకలేదు. కాలం చేశారు అంటే తనకి తెలియదు, చనిపోయారు అనడానికి నాకు నోరు రాలేదు. చివరికి "గ్రాండ్‌పా పాస్డ్ అవే" అన్నాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. "ఓకే నాన్నా" అంది. ఆ రోజు తర్వాత ఆ కథ నేను ఎక్కడా చెప్పలేదు.

ఇంతవరకే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. మొన్నటి థాంక్స్‌గివింగ్‌కి మా అమ్మాయి, అల్లుడు, అతని తల్లిదండ్రులు మా ఇంటికొచ్చారు. భోజనాల దగ్గర ఎవరి చిన్ననాటి తప్పులు వాళ్ళు చెప్పుకుంటున్నారు. నా పాత అలవాటు గుర్తొచ్చి నేను కళ్ళెం వేసుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి మా అమ్మాయే "నేను తాతగారిని చంపేసిన కథ చెప్పనా?" అంటూ మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే చెప్పింది.

తను చెప్పిన కథలో పురోహితుడు లేడు. ఆయన ఇంకా రానేలేదట, దారి తప్పి ఎక్కడో తిరుగుతున్నాడట. హాలు కాదు, వంటగది. నలభైమంది కాదు, పులిహోర కలుపుతున్న ఇద్దరు ఆంటీలు. అందులో ఒకావిడ అడిగింది, తను జవాబు చెప్పింది, ఆవిడ చేతిలో గరిటె జారిపోయింది. అప్పుడు వెనక తలుపు దగ్గర చేతిలో ఉత్తరాలతో తాతగారు నిలబడి ఉన్నారట. ఉత్తరాల పెట్టె దాకా నడిచి వచ్చారు. ఆయనే ముందు నవ్వారట. తన తల మీద చెయ్యి వేసి ఏదో అన్నారట. అది మటుకు తెలుగులో చెప్పింది, ఆయన గొంతుతో, ఒక్క అక్షరం పోకుండా: "ఇంకా పోలేదే అమ్మడూ, వెళ్ళొచ్చాను."

నేను ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ సమయంలో నేను వంటగదిలో లేను. గరాజ్‌లో కుర్చీలు సర్దుతున్నాను.